డైపర్ రంగు

"పాప మోషన్ ఏ రంగులో వస్తోందమ్మా?" అని డాక్టర్ గారు అడగ్గానే అక్క నా వైపు చూసింది. సంచిలోంచి పొద్దుటి డైపర్ తీసి చూపించాను. తడిపిన సుద్దముక్కలా తెల్లగా ఉంది.

పాపకి ఇవాళ్టికి 42 రోజులు. పసికామెర్లే కదా, ఎండలో పడుకోబెడితే పోతాయని అందరూ అన్నారు. మేమూ నమ్మాం.

కాలేయం నుంచి పేగుకి పైత్యరసం తెచ్చే పిత్తనాళాలు మూసుకుపోయి ఉండొచ్చట, ఆ జబ్బు పేరు బైలియరీ అట్రీసియా. పైత్యరసం పేగులోకి దిగకపోతే మలానికి రంగే రాదు. అదే అయితే కసాయ్ ఆపరేషన్ చేసి పేగును నేరుగా కాలేయానికి కలుపుతారట. 60 రోజుల లోపు చేస్తే మంచిదన్నారు.

రెండు వారాలు దాటినా పసిపిల్లల కళ్లు పచ్చగా ఉంటే చూపించండి, ప్లీజ్.

రేపు పొద్దున్నే స్కాన్. పాప నా వేలు పట్టుకుని నిద్రపోతోంది.