లైబ్రరీ పేరు వెనక రాయాలట

మా పెద్దాడి సెలవులు నా ప్రాణం మీదికొచ్చాయి. నల్లతెర మీద అంకెలు కూడింది చాలట, ఇక విండోలు, బటన్లు కావాలట. అదీ సీ భాషలో, విండోలు, బటన్లు గీసిపెట్టే జీటీకే అనే లైబ్రరీతోనే, ఒక పాఠం చూసి.

మొదటి ఎర్రర్ తేలికే. జీటీకే.హెచ్ అనే హెడర్, అంటే లైబ్రరీలో ఏమేం ఉన్నాయో చెప్పే ఫైలు, దొరకలేదంది. ఉబుంటులో లిబ్‌జీటీకే-4-డెవ్ అనే ప్యాకేజీ వేయగానే అది పోయింది. ఆ తర్వాతే అసలు గొడవ. జీటీకే_అప్లికేషన్_న్యూ మొదలుకొని పేరుపేరునా ‘అన్‌డిఫైన్డ్ రిఫరెన్స్’, అంటే ఆ పేరుగల ఫంక్షన్ ఎక్కడా దొరకలేదని. హెడర్ ఉంది, లైబ్రరీ ఉంది, ఆ లైబ్రరీ ఎక్కడుందో చెప్పే పీకేజీ-కాన్ఫిగ్ కూడా కమాండులో ఉంది. ఇంకేం కావాలి? కూర పొయ్యి మీదే ఆగిపోయింది, ఈయన తొంగిచూసి మాట్లాడకుండా పెరుగన్నం కలుపుకున్నారు. తీరా చూస్తే పీకేజీ-కాన్ఫిగ్ ముక్క సోర్సు ఫైలు పేరుకి ముందుంది. మన కోడ్‌నీ లైబ్రరీనీ అతికే లింకర్ ఆ కమాండులో ఎడమ నుంచి కుడికి పోతుంది. లైబ్రరీ ఎదురైనప్పటికి దాని అవసరం ఎవరికీ పడలేదు కాబట్టి వదిలేసింది. ముక్కని వెనక్కి జరిపితే సరి! ఆ సంగతి ఎర్రర్‌లోనే చెబితే దాని సొమ్మేం పోయింది?

మా కాలేజీ ల్యాబ్‌లోనూ ఇదే భాగోతం. టర్బో సీ అనే పాత కంపైలర్‌లో ఒక సున్నా గీయాలి. ‘అన్‌డిఫైన్డ్ సింబల్ _ఇనిట్‌గ్రాఫ్’ అనేది. ల్యాబ్ అసిస్టెంట్ గారొచ్చి, ఆప్షన్స్‌లో లింకర్, అందులో లైబ్రరీస్, అక్కడ గ్రాఫిక్స్ లైబ్రరీకి టిక్ పెట్టేసి వెళ్ళిపోయేవారు. ఎందుకండీ అంటే "పనైందిగా అమ్మా" అనేవారు. కంపైల్ అయ్యాక బీజీఐ ఎర్రర్, బొమ్మలు గీసే డ్రైవర్ ఫైళ్ళు దొరకలేదని! సీ:\టీసీ\బీజీఐ అని వాటి ఫోల్డర్ దారిలో ఒక్కో వాలుగీతే పెడితే, గీత పక్కన ‘టీ’ ట్యాబ్ అయిపోతుంది, ‘బీ’ బ్యాక్‌స్పేస్ అయిపోతుంది. రెండేసి గీతలు పెట్టాలని సీనియర్ అక్క చెప్పేదాకా ఆ సున్నా తెర మీదికి రాలేదు.

నీకెందుకురా ఇదంతా, పైథాన్‌లో విండోలకి టీకింటర్ ఉందిగా, అది చేసుకో అని వాడికి చెప్పేద్దామనుకుంటూనే ఇది రాయడం మొదలెట్టాను. ఇప్పుడు వద్దులే అనిపిస్తోంది. లింకర్ అనేదొకటి ఉందని నాకు తెలిసింది ఆ దిక్కుమాలిన టిక్ వల్లేగా.

పైగా లింకర్ మీద కన్నా వాడు చూసి రాస్తున్న ఆ పాఠం మీదే నా మంట. వరుస మార్చాక ఎర్రర్లన్నీ పోయి ఒక్కటి మిగిలింది, జీటీకే_విడ్జెట్_షో_ఆల్. అది జీటీకే మూడో వర్షన్‌లోది, 2020లో వచ్చిన నాలుగోదాంట్లో తీసేశారు. పాఠం పైన ఆ ముక్క రాయరు! బదులుగా జీటీకే_విండో_ప్రెజెంట్ పెడితే ఖాళీ విండో వచ్చింది, టైటిల్‌లో వాడి పేరు తెలుగులో. ఎగిరి గంతేశాడు.

రేపు బటన్ నొక్కితే రంగు మారాలట. ఆ పాఠం ఏ వర్షన్‌దో చెప్పాకే నేను వంటింట్లోంచి కదిలేది.