తొమ్మిది గళ్ళు

నవంబరు, ఆదివారం. హైదరాబాద్ సనత్‌నగర్ షెడ్డు.

14 అడుగుల ఫైబర్ బోటు. తెల్ల పొట్ట, పైన నీలం పట్టీ. నాలుగు వేసవులు టార్పాలిన్ సగం కప్పీ సగం కప్పకా ఆరుబయట పడి ఉంది. బోర్లా తిప్పి బల్లల మీద పెట్టి నిమిరితే అరచెయ్యంతా ముగ్గుపిండి లాంటి పొడి. దక్షిణం వైపు పక్క మరీ దారుణం, ఉత్తరం వైపు కాస్త నయం. తాడు బిగించి కట్టిన చోట మాత్రం రెండు వేళ్ళ వెడల్పున అసలు నీలం నిగనిగలాడుతోంది. పాలిపోయిన బోటుకు ఆ మెరుపు తిరిగి తేవడమే ఇవాళ్టి పని, దానికి ఆ రెండు వేళ్ళ నీలమే కొలబద్ద.

ఆ పిండి పైనుంచి వచ్చి పడ్డ దుమ్ము కాదు. బోటు పోసేటప్పుడు అచ్చులో మొట్టమొదట కొట్టే రంగు పొరను జెల్‌కోట్ అంటారు. పాలిస్టర్ రెసిన్ అనే ప్లాస్టిక్ జిగురులో రంగు కలిపిందే. మందం అటూ ఇటూగా అర మిల్లీమీటరు. ఎండకు పైపై రెసిన్ చితికిపోతుంది, పట్టుకునే రెసిన్ లేక రంగు పొడి విడిపోతుంది. దాని కింద ఉన్నదంతా ఆరోగ్యంగానే ఉంటుంది. అక్కడిదాకా దిగడమే పని. దిగకుండా పొడి మీదే మైనం రుద్ది మెరిపించి పంపేవాళ్ళు ఉన్నారు. ఆ మైనం పట్టుకునేది పొడిని, బోటును కాదు. రెండు వానలు పడితే రెండూ కలిసే పోతాయి. హుస్సేన్‌సాగర్ మధ్యలో బుద్ధుడు 1992 నుంచి ఇదే ఎండలో చెక్కుచెదరకుండా నిలబడ్డాడంటే ఆయనది రాయి. దీనిది ప్లాస్టిక్.

మెరుపు తిరిగి వస్తుందో రాదో చెప్పడానికి తడిగుడ్డ చాలు. తుడిచాక తడి ఉన్నంతసేపు రంగు లోతుగా కనబడితే బతుకుతుంది. తడిపినా పాలిపోయే ఉంటే, లేదా లోపలి ఫైబర్ నేత లీలగా కనబడితే జెల్‌కోట్ అయిపోయినట్టే, ఇక టూ-ప్యాక్ పీయూ పెయింటే (రెండు డబ్బాలు కలిపి వేసే పాలియురెథేన్ రంగు) గతి. సన్న పొక్కులు లేచి ఉంటే అది వేరే జబ్బు, నీళ్ళు లోపలికి దిగాయన్నమాట. దీనికి పొక్కులు లేవు, తడిపితే నీలం పలికింది.

కడగడం నిన్ననే అయింది. నీటిగీత దగ్గర రెండు రకాల మరకలు. గోధుమరంగుది ఆకుల కసరు, తుప్పు: లీటరు నీళ్ళకు 50 గ్రాముల ఆక్జాలిక్ ఆసిడ్ కలిపి, గ్లవ్స్ వేసుకుని బ్రష్‌తో పూసి, పది నిమిషాలాగి కడిగితే పోయింది. తెల్లటి పెచ్చు బోరునీళ్ళ సున్నం. దాని మీద ఆక్జాలిక్ వేస్తే కరగని ఇంకో తెల్ల పొర కడుతుంది, అందుకని దానికి వెనిగర్ తడిపిన గుడ్డ అరగంట అంటించాం. చివర్లో వంటసోడా నీళ్ళు, తర్వాత మంచినీళ్ళు. బాత్రూం ఆసిడ్ జోలికి మాత్రం పోకూడదు, స్టీలు కొక్కేలు, బోల్టులు తుప్పు పట్టిపోతాయి.

ముందు కొక్కెం చుట్టూ ఉన్న సాలెగూడు పగుళ్ళు కూడా నిన్ననే పూడ్చాం. అలా వదిలేసి బఫింగ్ చేస్తే, అంటే మిషన్‌తో మెరుపు పెడితే, కాంపౌండ్ (రుద్ది మెరుపు తెచ్చే ముద్ద) పగుళ్ళలో దూరి గీతలన్నీ ఎత్తి చూపిస్తుంది. కత్తి మొనతో పగులును కొద్దిగా వెడల్పు చేసి, 20 గ్రాముల జెల్‌కోట్‌లో సిరంజితో కొలిచి 0.3 మి.లీ. హార్డెనర్ (జెల్‌కోట్‌ను గట్టిపరిచే ద్రవం) కలిపి నింపాం. కంటితో అంచనా కట్టి పోస్తే ఒకసారి గంటలైనా గట్టిపడదు, ఇంకోసారి కప్పులోనే రాయైపోతుంది. హార్డెనర్ కంట్లో పడితే చూపే పోవచ్చు, కళ్ళద్దాలు తప్పనిసరి. జెల్‌కోట్ గాలి తగిలితే పైన జిగటగానే ఉండిపోతుంది, అందుకే పైన ఓహెచ్‌పీ షీటు (పారదర్శక ప్లాస్టిక్ కాగితం) అంటించి ఉంచాం. పొద్దున షీటు లాగితే గాజులా వచ్చింది.

ఇవాళ మొదట అసిటోన్‌తో పాత మైనం తుడవడం. పాత మైనం మీద వాటర్ పేపర్ (నీళ్ళతో తడిపి రుద్దే గరుకు కాగితం) వేస్తే ఆ మైనాన్నే జెల్‌కోట్ గుల్లలోకి తొక్కినట్టు. ఒక గుడ్డ తడిది, ఒక గుడ్డ పొడిది. ఒకే దిక్కుకు తుడవాలి, గుండ్రంగా తిప్పితే మైనం చోటు మారుతుందే తప్ప పోదు. నీళ్ళు చల్లితే ముత్యాల్లా నిలబడ్డ చోట మళ్ళీ తుడిచాం, పల్చగా పరుచుకుంటే శుభ్రం. బోటు ముందరి అద్దం గాజు కాదు, అక్రిలిక్ ప్లాస్టిక్. దాని మీద అసిటోన్ చుక్క పడినా పగుళ్ళు పడుతుంది కాబట్టి పాలిథిన్ కప్పి టేపు వేశాకే సీసా మూత తీశాం.

తర్వాత మాస్కింగ్ టేపుతో రెండడుగుల గళ్ళు. దక్షిణం పక్క ఏడు, వెనక పలక రెండు. మొత్తం తొమ్మిది. ఒకేసారి బోటంతా మొదలుపెడితే ఏ చోట ఏ నంబరు అయిందో పొద్దెక్కేసరికి ఎవరికీ గుర్తుండదు.

"అన్నా, సీదా 800 కొట్టేద్దాం, జల్ది అయిపోతది," అని కుర్రాడి తొందర. 800 అంటే వాటర్ పేపర్ నంబరు, నంబరు తగ్గేకొద్దీ గరుకు ఎక్కువ. అర మిల్లీమీటరే ఉన్న పొరతో తొందర పనికిరాదు. ముందు ఒక మూల కాంపౌండ్‌తో మాత్రమే చూశాం: చాలలేదు. 1500తో చూశాం: మబ్బు సగమే తొలగింది. 1000 కూడా చాలదనిపించాకే ఈ పక్కకు 800 ఖాయం చేశాం. కారు మీది క్లియర్‌కోట్ 50 మైక్రాన్ల లోపే ఉంటుంది, ఇక్కడ దానికి పదింతలు ఉంది; అయినా ఈసారి తీసిందంతా వచ్చేసారికి తగ్గినట్టే.

వాటర్ పేపర్ షీటును నాలుగు ముక్కలు చేసి, రెండు చుక్కల గిన్నెల సబ్బు వేసిన నీళ్ళలో పావుగంట నానబెట్టాలి. రబ్బరు బ్లాకుకు చుట్టే రుద్దాలి, ఉత్త వేళ్ళతో రుద్దితే వేళ్ళ కింద గాడులు పడతాయి. ప్రతి నంబరుకు ముందు గడి మీద పెన్సిల్‌తో అడ్డదిడ్డంగా గీతలు గీశాం. గీతలన్నీ పోతే ఆ నంబరు పని అయినట్టు, ఒక్క గీత మిగిలినా అక్కడ పల్లం ఉన్నట్టు. 800 అడ్డంగా, 1000 నిలువుగా, 1500 మళ్ళీ అడ్డంగా. ఇలా దిక్కు మారిస్తే వెనకటి నంబరు గీతలు ఇంకా ఉన్నాయో లేదో ఇట్టే తెలుస్తుంది. నంబరు మారినప్పుడల్లా బకెట్లో నీళ్ళు మార్చాలి. 800 రేణువు ఒక్కటి 1500 కింద దొర్లినా గడంతా మళ్ళీ మొదలు.

మొదట్లో వచ్చే బురద మురికి పసుపు, చద్ది గంజిలా. తర్వాత తేటపడి పాలలా తెల్లగా వస్తుంది. అక్కడితో ఆ నంబరు చాలు. పట్టీ మీద నీలం బురద చూసి కుర్రాడు కంగారుపడ్డాడు కానీ అది రావాల్సిందే. పొట్ట మడతల అంచుల మీద జెల్‌కోట్ పల్చగా ఉంటుంది, వాటి మీద టేపు వేసి వదిలేశాం. అవి చివర్లో చేత్తో.

నీళ్ళ పని అయ్యేదాకా కరెంటు ప్లగ్ పెట్టలేదు. నేల తుడిచి, మధ్యాహ్నం భోజనం అయ్యాక మిషన్.

పాలిషింగ్ మిషన్ వేరు, గ్రైండర్ వేరు. 4 అంగుళాల గ్రైండర్‌కే ప్యాడ్ తగిలించి కొట్టేవాళ్ళు ఉన్నారు. అది నిమిషానికి 11,000 చుట్లు తిరుగుతుంది. ఆ వేడికి పాలిస్టర్ మెత్తబడి, కాంపౌండ్ కాలి, గోధుమరంగు చారలు పడతాయి. ఇక్కడ కావాల్సింది 7 అంగుళాల మిషన్, ఊలు ప్యాడ్, 1,200 నుంచి 1,500 చుట్లు. గడి మీద చింతగింజంత బొట్లు నాలుగు. ముందు తక్కువ వేగంలో పరిచి, తర్వాత వేగం పెంచి, సగం సగం ఒకదాని మీద ఒకటి వచ్చేలా నాలుగు సార్లు. మిషన్ బరువే నొక్కుడు, పైనుంచి ఒత్తక్కర్లేదు. మధ్యలో చెయ్యి వెనక్కి తిప్పి ఆనిస్తే గోరువెచ్చగా ఉండాలి, చురుక్కుమంటే పక్క గడికి పోవాలి. రెండు గళ్ళకోసారి ప్యాడ్‌ను గట్టి నైలాన్ బ్రష్‌తో దువ్వకపోతే ఎండిన కాంపౌండ్ ఉండలే కొత్త గీతలు గీస్తాయి. షెడ్డులో చేస్తున్నది కూడా ఇందుకే. ఎండలో కాంపౌండ్ పరిచేలోపే ఆరిపోతుంది.

మూడో గడిలో అద్దంలా మెరుపు. నమ్మలేదు. కారు కాంపౌండ్లలో నూనె ఉంటుంది, గీతల్లో నిండి వాటిని దాచేస్తుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్, నీళ్ళు సగం సగం కలిపి తుడిస్తే అసలు ముఖం బయటపడింది: సన్నటి నిలువు గీతలు, అంటే 1000 నంబరువి. 1500 సరిగా పడలేదు. ఆ గడి మళ్ళీ తడిపి, ఈసారి పెన్సిల్ గీతలు ఒత్తుగా గీసి రుద్దించాల్సి వచ్చింది. ముప్పావు గంట పోయింది.

తర్వాత ఫోమ్ ప్యాడ్‌తో సన్న పాలిష్ ఒక్క చుట్టు. నాలుగున్నరకు షెడ్డు తలుపులు తీసి ఏటవాలు ఎండ పడనిచ్చాం. ట్యూబులైటు కింద కనబడని ప్యాడ్ సుళ్ళు ఆ వెలుతురులో దొరికిపోతాయి. వెనక పలక మీద రెండు చోట్ల దొరికాయి, సరిచేశాం.

కార్నాబా మైనం రెండు పూతలు, మధ్యలో గంట విరామం. పల్చగా పూసి, మబ్బు కట్టాక మైక్రోఫైబర్ గుడ్డతో తుడవడమే. తుడిచిన ప్రతిసారీ గుడ్డ మడత మార్చాలి. కాలు పెట్టే గరుకు డెక్ మీద మైనం చుక్క కూడా పడకూడదు, తడి కాలు జారితే మనిషి నీళ్ళలోనే.

దక్షిణం పక్క ఇప్పుడు తాడు కింది నీలంతో కలిసిపోయింది. దగ్గరికి వెళ్ళి వెతికితే గానీ ఆ రెండు వేళ్ళ హద్దు కనబడటం లేదు.

ఉత్తరం పక్క వచ్చే ఆదివారం. దానికి 800 అక్కర్లేదు, 1500తో మొదలుపెట్టి చూడాలి. రాణీగంజ్ బజారు నుంచి తేవాల్సినవి: 1500 వాటర్ పేపర్ నాలుగు షీట్లు, 1000వి రెండు, ఊలు ప్యాడ్ ఒకటి, అసిటోన్ అర లీటరు, టేపు రెండు చుట్టలు. కాంపౌండ్ ఉన్నది సరిపోతుంది, ఈ తొమ్మిది గళ్ళకు 150 గ్రాములే పట్టింది.