నా నోట్‌బుక్‌లు వాళ్ల దగ్గరే ఉండిపోయాయి

మా నాయిన చనిపోయిన నెలకు నేను ఒక గురువు గుంపులో చేరాను. 2014, హన్మకొండలో డిగ్రీ, హాస్టల్ గది. ఏ మతమో, ఏ గురువో చెప్పను, ఎందుకంటే పేరు చెప్తే "ఓహో, వాళ్లా" అని అందరూ పక్కన పెట్టేస్తారు, ఆ పద్ధతి మాత్రం ఏ దేవుడి పేరు మీదైనా నడుస్తుంది.

మొదట్లో ఎంత ప్రేమ చూపించారో. జ్వరమొస్తే ముగ్గురు అక్కలు జావ కాచి తెచ్చారు, పుట్టినరోజుకు అర్ధరాత్రి పదిమంది ఫోన్ చేశారు. తండ్రి పోయిన పిల్లకు అది ఎంత పెద్ద ఆసరానో వాళ్లకు బాగా తెలుసు. తర్వాత ఒక్కొక్కటే వచ్చి చేరింది. తెల్లారి నాలుగింటికి ప్రార్థన, రాత్రి పన్నెండు దాకా సేవ, వారానికి రెండు ఉపవాసాలు, ఫ్రెండ్స్‌తో తిరగొద్దు, ఉద్యోగం వచ్చాక జీతంలో సగం. నిద్ర చాలక తల మొద్దుబారిపోతే ఇక ఆలోచించేదెక్కడ? ఎవరైనా ఏదైనా అడిగితే ఒకటే మాట: "అది నువ్వు కాదమ్మా, నీ అహం మాట్లాడుతోంది." ఆ మాట పడితే ఇక నోరు లేచేది కాదు. కొన్నాళ్లకు వాళ్లు అనక్కర్లేకుండా నాకు నేనే అనుకునేదాన్ని.

అన్నిటికంటే నన్ను కట్టిపడేసింది నోట్‌బుక్. నీలం అట్ట, రెండు వందల పేజీలు. రోజూ రాత్రి మనసులో వచ్చిన చెడు ఆలోచనలన్నీ రాయాలి, ఆదివారం పెద్దక్క చేతికివ్వాలి. దాచకుండా రాస్తే బరువు దిగుతుందన్నారు, నిజంగానే దిగేది కూడా. ఒక ఆదివారం నలభై మంది ముందు అందులోంచి చదివారు. నాయిన తాగుడు మీద నాకున్న కోపం, ఆయన పోయినరోజు ఏడుస్తూనే లోపల్లోపల ఊపిరాడినట్టు అనిపించిందని రాసుకున్న ముక్క. అందరూ తలొంచుకుని విన్నారు. నేను లేచి వెళ్లిపోలేదు. క్షమించమని అడిగాను. చదివేవాళ్లకు ఇది అర్థం కావడం కష్టమని తెలుసు.

రాబర్ట్ జే లిఫ్టన్ అని అమెరికా సైకియాట్రిస్ట్ ఒకాయన, 1950ల్లో చైనా జైళ్ల నుంచి బయటపడి హాంకాంగ్ చేరినవాళ్లతో మాట్లాడి, మనుషుల ఆలోచనను ఎట్లా మారుస్తారో 1961లో ఎనిమిది లక్షణాలుగా రాశాడు. ఇట్లా తప్పులు ఒప్పించడం అందులో ఒకటి, ఆలోచనను ఆపేసే తయారు మాటల సంగతి కూడా ఆయన చెప్పాడు. మా కౌన్సెలర్ మేడం ఇదంతా చెప్పిన రోజు గంటసేపు ఏడ్చాను. అన్నేళ్లూ నాకు బుద్ధి లేదనే అనుకున్నాను మరి.

ఇంటివాళ్లు ఏడుస్తారు, తిడతారు, గురువును నిందిస్తారు, అదే నీకు పరీక్ష అని గుంపులో ముందే చెప్పి పెట్టారు. మా బావ అచ్చం అట్లనే చేశాడు, వాళ్ల మాటే నిజమైంది, బావ నంబర్ బ్లాక్ చేశాను. అమ్మ మాత్రం పరకాల నుంచి ప్రతి ఆదివారం ఫోన్ చేసి "ఏం కూర వండుకున్నవ్ బిడ్డా?" అనేది. సద్దుల బతుకమ్మకు నేను రానని తెలిసినా "ఈసారి గునుగు పువ్వు మస్తు పూసింది" అని చెప్పి పెట్టేసేది. ఐదేళ్లు అంతే. ఆ మాటలకు ఏం జవాబివ్వాలో వాళ్లు నాకు నేర్పలేదు.

2019లో అమ్మకు కంటి ఆపరేషన్. సేవ వదిలి పోవద్దన్నారు. రెండు రోజుల్లో వస్తానని చెప్పి హన్మకొండలో పరకాల బస్సెక్కాను. మళ్లీ వాళ్ల దగ్గరికి పోలేదు.

బయటికొస్తే అయిపోయిందనుకుంటారు. విడిచిపెట్టినవాళ్లకు యాక్సిడెంట్లు అవుతాయని, ఇంట్లోవాళ్లు పోతారని విన్న కథలు అంత తొందరగా వదలవు. ములుగు రోడ్డు మీద స్కూటీ పంక్చరైతే చెమటలు పట్టి అక్కడే కూర్చుండిపోయాను. ఏ రంగు డ్రెస్ కొనాలో తేల్చుకోలేక దుకాణం నుంచి ఉత్త చేతులతో వచ్చేసిన రోజులున్నాయి. భయం వచ్చినప్పుడల్లా ఏం జరుగుతుందనుకున్నావో తేదీ వేసి రాయి, వారం తర్వాత ఏం జరిగిందో పక్కన రాయి అన్నారు మేడం. నోట్‌బుక్ ముట్టుకుంటే చేతులు వణికేవి, అందుకే చింపిన క్యాలెండర్ కాగితాల వెనక రాశాను. "అమ్మకు గుండెపోటు వస్తుంది." పక్కన, "అమ్మ మామిడికాయ తొక్కు పెట్టింది."

మీ ఇంట్లో ఎవరైనా ఇట్లాంటి చోట ఉంటే వాదించకండి, ఫోన్ మాత్రం ఆపకండి. మీకే టెన్షన్ ఎక్కువైతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కు చేయండి, ఉచితం, పగలూ రాత్రీ పనిచేస్తుంది, తెలుగులోనే మాట్లాడొచ్చు.

నా నోట్‌బుక్‌లు రెండుసార్లు అడిగాను, ఇవ్వలేదు. ఎవరు చదువుతున్నారోనని ఇప్పటికీ ఉలిక్కిపడతాను. నాలుగింటికి మెలకువ ఇంకా వస్తుంది, లేచి టీ పెట్టుకుని పద్మాక్షి గుట్ట వైపు తెల్లారేదాకా డాబా మీద కూర్చుంటాను. నిన్న మాత్రం ఆరున్నరకు లేచాను.