ఎండాకాలం, మ్యూజియం, ఒక పెన్సిలు

ఏప్రిల్ నెలాఖరు వచ్చేసరికి మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఒకటే చర్చ, పిల్లల్ని ఈసారి ఏ సమ్మర్ క్యాంపులో వేస్తున్నారు అని. స్విమ్మింగ్, కరాటే, అబాకస్, ఇప్పుడు కొత్తగా కోడింగ్. నేను ప్రతిసారీ మ్యూజియం అంటాను. "ఒకసారి చూసేశాం కదండీ, మళ్లీ ఏముంటుంది" అని అడుగుతారు. గ్రూపులో రెండు ముక్కల్లో చెబితే సరిపోదు, అందుకే ఇక్కడ తీరిగ్గా రాస్తున్నాను.

మాది హైదరాబాద్ కాబట్టి నేను చెప్పేది ముందుగా సాలార్ జంగ్ మ్యూజియం గురించి. మూసీ ఒడ్డున, దారుల్‌షిఫాలో. నిజాం దగ్గర ప్రధానిగా చేసిన మూడో సాలార్ జంగ్ మీర్ యూసుఫ్ అలీ ఖాన్ పోగుచేసిన వస్తువులే అందులో చాలా వరకు. ఆయన 1949లో పోయారు, పెళ్లి చేసుకోలేదు, వారసులు లేరు. 1951 డిసెంబరులో ఆయన నివాసమైన దివాన్ దేవిడీలోనే మ్యూజియం తెరిచారు, ఇప్పుడున్న భవనంలోకి 1968లో మార్చారు. ఇక్కడ పిల్లల కోసం వేసవిలో ఆర్ట్ క్యాంపులు పెడుతుంటారు. ఏ ఏడు ఏం నేర్పుతారు, ఎన్ని రోజులు, ఫీజు ఎంత అన్నవి మారుతుంటాయి, కాబట్టి ఎవరో ఫార్వర్డ్ చేసిన పాత మెసేజ్ నమ్మకుండా మ్యూజియానికే ఫోన్ చేసి కనుక్కోండి. శుక్రవారం సెలవు, అది గుర్తుంచుకోండి, మే నెల ఎండలో అంత దూరం వెళ్లి గేటు దగ్గర నుంచి వెనక్కి రావడం పిల్లలకి నరకం.

క్యాంపులో సీటు దొరకకపోయినా ఏం పర్లేదు. నా దృష్టిలో అసలు క్యాంపు అంటే పిల్ల ఒక వస్తువు ముందు అట్ట, పెన్సిలు పెట్టుకుని కూర్చోవడమే.

ముసుగు రెబెక్కానే తీసుకోండి. ఇటలీ శిల్పి బెంజోని చెక్కిన పాలరాతి బొమ్మ, మొదటి సాలార్ జంగ్ 1876లో యూరప్ వెళ్లినప్పుడు రోములో కొన్నారు. మామూలుగా ఏం చేస్తాం? "అబ్బ, రాతి మీద ముసుగు ఎంత పల్చగా చెక్కాడో" అనుకుంటాం, ఫోటో తీసుకుంటాం, పక్క గదిలోకి వెళ్లిపోతాం. అదే బొమ్మని గీయమంటే మా అమ్మాయికి వచ్చిన మొదటి ప్రశ్న, "అమ్మా, ముందు ముఖం గీయాలా, ముసుగు గీయాలా?" నాకూ జవాబు తెలియలేదు. దగ్గరగా చూస్తే అక్కడ విడిగా ముఖమూ లేదు, విడిగా ముసుగూ లేదు, ఉన్నది ఒకటే రాయి, ఎక్కడ కాస్త ఎత్తు, ఎక్కడ కాస్త పల్లం, దాని మీద పడే వెలుతురూ నీడా, అంతే. అది పిల్లకి ఎవరూ చెప్పలేదు, గీస్తూ గీస్తూ తనే కనిపెట్టింది. ఈ పని ఫోటో చూసి చేయడం కష్టం, ఎందుకంటే ఫోటోలో వెలుతురు ఒక్క చోటే ఆగిపోయి ఉంటుంది, ఇక్కడ మనం ఒక అడుగు పక్కకి వేస్తే నీడ మారుతుంది.

చెక్క జంట విగ్రహం కూడా అంతే. ఇద్దరూ జర్మన్ నాటకం 'ఫౌస్ట్'లోని పాత్రలు, ముందు నుంచి తలెత్తుకుని నిలబడ్డ సైతాను మెఫిస్టోఫిలిస్, వెనక నుంచి తల దించుకున్న అమ్మాయి మార్గరెట్టా, అద్దంలో ఆమె కనిపిస్తుంది. దాని చుట్టూ తిరగాలి, తిరిగితేనే దాని గొప్పతనం. మ్యూజికల్ గడియారం గురించి అందరికీ తెలుసు, గంట కొట్టే బొమ్మ కోసం జనం ముందే వచ్చి కూర్చుంటారు, మధ్యాహ్నం పన్నెండుకైతే పన్నెండు గంటలు వినొచ్చు, పిల్లలకి అది తప్పకుండా చూపించండి.

నాకు అన్నిటికన్నా ఇష్టమైనది బిద్రీ సామాను. హుక్కా కుండలు, పాన్‌దాన్‌లు, పళ్లేలు. జింకులో కాస్త రాగి కలిపి పోతపోస్తారు, పైన సన్నగా చెక్కి ఆ గాడుల్లో వెండి తీగ కొట్టి కూరుస్తారు, చివర్లో బీదర్ కోట మట్టిలో నవాసారం కలిపి దాంతో పట్టిస్తే లోహం నల్లబడుతుంది, వెండి మాత్రం తెల్లగానే మెరుస్తుంది. ఈ సంగతి చెప్పి పిల్లల్ని గీయమనండి, నల్ల కాగితం మీద తెల్ల పెన్సిలుతో అయితే ఇంకా బావుంటుంది. ఒక చిన్న పువ్వు గీయడానికే వేలు నొప్పి పుడుతుంది, అప్పుడు ఆ తీగ కొట్టిన మనిషి ఓపిక ఎంతో వాళ్లకి తెలుస్తుంది. అయితే ఇక్కడే ఒక ఇబ్బంది ఉంది, అద్దాల బీరువాలో ఉన్న వస్తువు మీద లైట్ల మెరుపు పడి సన్న పని సరిగా కనిపించదు. ఇంటికొచ్చాక కంప్యూటర్ ముందు కూర్చుంటాం. మన దేశపు మ్యూజియంల ఆన్‌లైన్ పోర్టల్ 'మ్యూజియమ్స్ ఆఫ్ ఇండియా'లో సాలార్ జంగ్ వస్తువులు కూడా ఉన్నాయి, గూగుల్ ఆర్ట్స్ అండ్ కల్చర్‌లోనూ ఉన్నాయి. పొద్దున చూసిన వాటిలో దొరికినవి వెతికి, పెద్దవి చేసుకుని, బొమ్మలో వదిలేసిన చోట్లు పూర్తి చేస్తారు.

ఇక ఆన్‌లైన్ సంగతి. మా చెల్లి వాళ్లు డాలస్‌లో ఉంటారు. అక్కడ సెలవులు మే చివర్లో మొదలవుతాయి, మన బడులు జూన్ 12 ప్రాంతంలో తెరుస్తారు, మధ్యలో ఆ కాస్త రోజులే అందరికీ కలిసొచ్చేది. ఇక్కడ పొద్దున్న ఏడైతే వాళ్లకి రాత్రి ఎనిమిదిన్నర. వీడియో కాల్‌లో అటు పిల్లలు, ఇటు మా అమ్మాయి, ఒకే బొమ్మ తెర మీద పెట్టుకుని గీస్తారు. దీనికి నేను ఎంచుకున్నది అమరావతి శిల్పాలు, కావాలనే.

ఎందుకంటే అమరావతి స్తూపం ఇవాళ ఒక్క చోట లేదు. కొన్ని పలకలు అమరావతిలోని మ్యూజియంలో, చాలా భాగం చెన్నై ఎగ్మోర్ మ్యూజియంలో, మరికొన్ని లండన్‌లో బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. అవన్నీ ఒకే పూట చూడాలంటే గుంటూరు పిల్లలకైనా డాలస్ పిల్లలకైనా తెర ఒక్కటే దారి. బ్రిటిష్ మ్యూజియం వెబ్‌సైట్‌లో ఒక పలక ఉంది, రెండు వైపులా చెక్కినది. పాత వైపు చెట్టు కింద ఖాళీ సింహాసనం, దానికి మొక్కుతున్న మనుషులు. తర్వాతి కాలంలో అదే రాయిని తిప్పి వెనక వైపున పూర్తి స్తూపాన్ని చెక్కారు, సింహాలతో, ప్రాకారంతో, ఆకాశంలో ఎగిరే దేవతలతో సహా. స్తూపం నిండుగా ఉన్న రోజుల్లో ఎలా ఉండేదో మనకి తెలిసింది చాలావరకు ఇలాంటి పలకల వల్లే. మా చెల్లి చిన్నవాడు అడిగాడు, "పెద్దమ్మా, మరి సింహాసనం మీద ఎవరూ లేరేంటి?" బుద్ధుణ్ణి మనిషి రూపంలో కాకుండా గుర్తులతో చూపించిన పద్ధతి అది అని చెప్పాను. వాడు ఆ ఖాళీ ఆసనాన్నే కాగితం నిండా గీశాడు.

ఇంకొక మాట కూడా వాళ్లకి చెప్పాను. 1816లో ఈస్టిండియా కంపెనీ సర్వే అధికారి కాలిన్ మెకంజీ తన సర్వే మనుషులతో అమరావతి వచ్చి ఆ పలకల్ని ఒక్కొక్కటీ గీయించాడు. ఆ కాలంలో అక్కడి రాళ్లు కొత్త కట్టడాలకి పోతున్నాయి, కొన్ని సున్నం బట్టీల్లోకీ పోయాయి. తర్వాత కనబడకుండా పోయిన పలకలు కొన్ని ఇవాళ ఆ బొమ్మల్లో మాత్రమే మిగిలాయి. ఆ బొమ్మలు లండన్‌లో బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి. అంటే పెన్సిలు పట్టుకుని ఒక రాయి ముందు ఓపిగ్గా కూర్చున్న ఆ మనుషులే లేకపోతే మనకి ఆ మాత్రం కూడా దక్కేది కాదు. డ్రాయింగ్ క్లాసుని టైంపాస్ అనేవాళ్లకి నేను చెప్పేది ఇదే.

ఒకటే కోరిక, మ్యూజియం వాళ్లు ఎవరైనా ఇది చదివితే. క్యాంపులో వీలైనంత సేపు పిల్లల్ని హాల్లో కాకుండా గ్యాలరీల్లోనే కూర్చోబెట్టండి, నేల మీదైనా సరే. ఆన్‌లైన్ సెషన్ పెడితే తెలుగులో కూడా ఒకటి పెట్టండి, విదేశాల్లో పుట్టిన మన పిల్లలు అమ్మమ్మలతో కలిసి కూర్చుని వింటారు.

వచ్చే వేసవికి చెల్లి వాళ్లు ఇండియా వస్తున్నారు. పిల్లలందర్నీ అమరావతి తీసుకెళ్లాలని అనుకుంటున్నాం, వాళ్లు తెర చూసి గీసిన కాగితాలన్నీ పట్టుకుని. అక్కడ స్తూపం ఉన్న చోట ఇప్పుడు మిగిలింది గుండ్రటి దిమ్మ, నాలుగు రాళ్లు. పొద్దున్నే వెళ్లాలి, పది దాటితే కృష్ణ ఒడ్డున కూడా ఎండ భరించలేం.