ఉప్పునీటి అక్వేరియంలో ఏ ఇసుక పరవాలి?

తిరుపతిలో ఉప్పునీటి అక్వేరియం పెట్టాలనుకునే మిత్రులు నన్ను ముందుగా అడిగేది, పక్కనే స్వర్ణముఖి ఇసుక ఉండగా అంత ఖరీదు పెట్టి అరగొనైట్ ఇసుక తెప్పించుకోవడం దేనికని. నది ఇసుకలో ఎక్కువ భాగం క్వార్ట్జ్, ఫెల్డ్‌స్పార్ అనే ఖనిజాల రేణువులు. అరగొనైట్ మాత్రం గుల్లలలోను పగడాలలోను ఉండే కాల్షియం కార్బనేట్. రెండింటి మీదా కాస్త వెనిగర్ పోసి చూడండి: అరగొనైట్ బుడగలు కక్కుతుంది, నది ఇసుక ఉలకదు పలకదు. తూపిలిపాలెం సముద్రపు ఒడ్డు ఇసుక కూడా చాలావరకు నదులు మోసుకొచ్చినదే కనుక అందులోనూ క్వార్ట్జే ఎక్కువ; పైగా దానిలో ఏయే మలినాలు కలిశాయో మనకు తెలియదు.

క్వార్ట్జ్ విషమేమీ కాదు, నీటిలో అది కరగడం బహు స్వల్పం. అలాగే అరగొనైట్ పరిస్తే పి.హెచ్. దానంతటదే నిలుస్తుందన్న మాటనూ నేను ఒప్పుకోను. 8.1 నుంచి 8.4 వరకు పి.హెచ్. ఉన్న నీటిలో ఆ ఇసుక దాదాపు కరగదు. లోపలి పొరల్లో బాక్టీరియా విడిచే కార్బన్ డయాక్సైడ్ వల్ల ఆమ్లత్వం పెరిగిన చోట మాత్రం కొద్దికొద్దిగా కరిగి, కాల్షియాన్నీ క్షారతనూ నీటికి అందిస్తుంది. ఆ కొంచెం మేలు కోసమే నేను అరగొనైట్‌ను ఎంచుకుంటాను గాని, నీటి పరీక్షలు మానుకోవచ్చని కాదు.

రకం కంటే రేణువు పరిమాణమే ముఖ్యమని నా అభిప్రాయం. పంచదార కంటే సన్నని ఇసుక, ట్యాంకులో నీటిని కదిలించే పంపు అయిన పవర్‌హెడ్ ప్రవాహానికి లేచి రాళ్ల మీద పేరుకుంటుంది. 3 మిల్లీమీటర్లు దాటిన ముక్కల సందుల్లో మేత, మలం ఇరుక్కుని కుళ్లి నైట్రేట్ పెరుగుతుంది. 1 నుంచి 2 మిల్లీమీటర్ల రేణువు ఈ రెండు ఇబ్బందుల నుంచీ చాలావరకు తప్పిస్తుంది. అయితే ఇసుకను నోటితో జల్లించి మేత తినే గోబీ చేపలను పెంచేవారు ఇంకా సన్నదే తీసుకోవాలి.

మందం 3 నుంచి 5 సెంటీమీటర్లు చాలు. 10 సెంటీమీటర్లు దాటిన పరుపులో ప్రాణవాయువు చేరని అడుగు పొరలు నైట్రేట్‌ను నైట్రోజన్‌గా మార్చగలవు. కానీ అక్కడే విషవాయువైన హైడ్రోజన్ సల్ఫైడ్ కూడా పుట్టవచ్చు కనుక కొత్తవారికి దాన్ని సూచించను. 90 సెంటీమీటర్ల పొడవు, 45 సెంటీమీటర్ల వెడల్పు ఉన్న ట్యాంకులో 4 సెంటీమీటర్ల మందానికి సుమారు 16 లీటర్లు, అంటే దాదాపు 25 కిలోల ఇసుక పడుతుంది.

పొడి ఇసుకను నీరు తేరేదాకా కడగాలి. రాళ్లను ముందుగా అడుగు గాజు మీదే కదలకుండా నిలిపి, ఆ తరువాతే చుట్టూ ఇసుక పోయాలి. ఇసుక మీద నిలిపిన రాయి కింద చేప గుంత తవ్విందంటే ఆ రాయి ఒరిగి గాజును పగలగొట్టవచ్చు.