ఫ్యాను చప్పుడు లేదు

నాన్న పాత కంప్యూటర్లో, విండోస్‌కు బదులుగా వాడుకునే లినక్స్ మింట్ పెన్‌డ్రైవ్ నుంచే తెర మీదికి వచ్చింది. ఇంకా ఇన్‌స్టాల్ చేయనే లేదు, వైఫై గుర్తు దానంతట అదే వెలిగింది. ప్రాణం లేచి వచ్చింది.

ఉన్నది 4 జీబీ ర్యామ్, భద్రతా చిప్ టీపీఎం 2.0 లేదు. విండోస్ 11 కుదరదు. విండోస్ 10కి మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది.

లుబుంటు అనే మరో లినక్స్ రకం పాత కంప్యూటర్‌కి ఇంకా తేలిక, నిజమే. రెండు రోజులు అటూ ఇటూ ఊగాను. కానీ లుబుంటు 24.04కి మద్దతు 2027 వరకే, మింట్ 22కి 2029 దాకా. వాడేది నాన్న. ఆయన్ని మళ్లీ మళ్లీ కొత్త తెరకు అలవాటు పడమనలేను. మింట్‌లోనే తేలికైన ఎక్స్‌ఎఫ్‌సీఈ రకం వేశాను.

అక్షరాలు అరిగిన మీటల మీద వేళ్లు ఆనించి, "ఫ్యాను ఆగిపోయిందా?" అన్నారు నాన్న.

తిరుగుతూనే ఉంది.