రాత్రిళ్లు మా ఫోన్లు హాల్లో పడుకుంటాయి

2020 ఏప్రిల్ 12, ఈస్టర్. లాక్‌డౌన్ పెట్టి అప్పటికి మూడు వారాలు కావస్తోంది. గుడికి తాళం. మా పాస్టరు అయ్యగారు తన ఇంటి వరండాలో నిలబడి ఆరాధన జరిపిస్తుంటే వాళ్లబ్బాయి యూట్యూబ్‌లో లైవ్ పెట్టాడు. అమ్మ తెల్లచీర కట్టుకుని హాల్లో చాప పరిచి, "నాన్నా, నీ ఫోన్ ఇటియ్యి, నీదైతే తెర పెద్దది" అంది. స్టూలు మీద స్టీలు చెంబు పెట్టి దానికి నా ఫోన్ ఆనించింది. నాన్న, నానమ్మ, చెల్లి అందరూ దాని ముందు కూర్చున్నారు. "క్రీస్తు లేచెను" అని అయ్యగారు అంటే మావాళ్లు "నిజముగా లేచెను" అంటున్నారు. నా చూపు మాత్రం తెర పైఅంచు మీదే ఉంది. ఏ నోటిఫికేషన్ కిందికి జారుతుందో, సౌండ్ పెంచబోయి చెల్లి ఏది నొక్కుతుందో అని ఒకటే టెన్షన్. ముందురోజు రాత్రి రెండింటి దాకా అదే తెర మీద నేను చూసినవి ఇంట్లోవాళ్ల ముందు చెప్పుకునేవి కావు.

అశ్లీల వీడియోలు చూసే ఈ అలవాటు బీటెక్ రెండో ఏడులో మొదలైంది. 2016 సెప్టెంబరులో జియో వచ్చింది. అంతవరకు నెలకు ఒక జీబీ వేయించుకుని పిసినారిలా వాడుకున్న హాస్టల్ మొత్తానికి ఒక్కసారిగా ఫ్రీ డేటా. మొదట్లో కుతూహలం. తర్వాత పరీక్షల ముందు. ఆ తర్వాత నిద్ర పట్టనప్పుడల్లా. కొన్నాళ్లకు అది లేకుండా నిద్రే పట్టేది కాదు. 2018లో ప్రభుత్వం 827 అశ్లీల సైట్లను ఆపెయ్యమన్నప్పుడు లోలోపల సంబరపడ్డాను, దేవుడే తలుపు మూశాడని. వారం తిరక్కుండా ఒక జూనియర్, ఆపేసిన సైట్లను కూడా తెరిపించే వీపీఎన్ అంటే ఏమిటో చూపించాడు.

మాది గుంటూరు జిల్లా. లూథరన్ కుటుంబం. ప్రతి ఆదివారం ఆరాధన మొదట్లోనే పాపపు ఒప్పుకోలు ఉంటుంది. తలంపులోను, మాటలోను, క్రియలోను పాపం చేశామని గుడి అంతా ఒక్క గొంతుతో చెబుతుంది. చిన్నప్పటి నుంచి నోటికొచ్చు కాబట్టి నేనూ గట్టిగానే చెప్పేవాణ్ని. వందమందితో కలిసి ఒప్పుకుంటే ఎవరి పాపం ఏదో ఎవరికీ తెలియదు. ఆ గుంపులో ఐదేళ్లు హాయిగా దాక్కున్నాను. ప్రభువు బల్ల సంస్కారం ఇచ్చే ఆదివారం మాత్రం కష్టంగా ఉండేది. బలిపీఠం ముందు మోకరించి అప్పం కోసం చెయ్యి చాపితే, ఇదే చెయ్యి కదా అనిపించేది. ఒకసారి కడుపునొప్పి అని బెంచీలోనే ఉండిపోయాను. అమ్మ ఇంటికొచ్చి వాము నీళ్లు కాచి ఇచ్చింది. తాగాను.

ప్రయత్నించలేదని కాదు. ప్రతి డిసెంబరు 31 రాత్రి తీర్మానం ఉండేది. శుక్రవారాలు ఉపవాసం ఉన్నాను. సాయంత్రం దీక్ష విడిచాక, ఇంత చేశాను కదా అనే ధీమాతో అదే రాత్రి పడ్డాను. ఎన్ని రోజులు నిగ్రహంగా ఉన్నామో లెక్కపెట్టే యాప్ ఒకటి వేసుకున్నాను. 41 దాకా వచ్చింది. ఆ 41 రోజులూ నాకు దేవుడి కంటే ఆ అంకె మీదే ఎక్కువ భక్తి. 42వ రోజు సున్నా పడగానే, ఎలాగూ పోయింది కదా అని వారమంతా విచ్చలవిడిగా చూశాను. బస్టాండు గోడల మీద 'నరాల బలహీనత' అని రాసి ఉన్న నంబర్లకు కూడా ఒకసారి ఫోన్ చేయబోయాను. దేవుడి దయ వల్ల ఎవరూ ఎత్తలేదు. ఎత్తి ఉంటే జేబు కూడా ఖాళీ అయ్యేది.

యూత్ మీటింగుల్లో వినేది ఇంకొక రకం. ఒక ప్రసంగీకుడు ముప్పావు గంట సేపు ఆడపిల్లలు లెగ్గిన్స్ ఎందుకు వేసుకోకూడదో చెప్పాడు. మా చెల్లి తలవంచుకుని చున్నీ సర్దుకుంటూనే ఉంది. నేను ఆమెన్ అన్నాను, తప్పు వాళ్ల మీదికి పోతే నాకు సులువు కదా. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది. మత్తయి ఐదో అధ్యాయంలో యేసు మోహపు చూపు గురించి చెప్పి, వెంటనే పెరికివేయమన్నది చూసేవాడి కుడికన్నునే. ఆమె ఏం కట్టుకుందో అక్కడ ఒక్క ముక్క కూడా లేదు.

2021లో, ఈస్టర్‌కు ముందొచ్చే శ్రమల దినాల్లో ఒక శుక్రవారం కూడిక అయ్యాక అన్న కొట్టుకు వెళ్లాను. అన్న అంటే సొంత అన్న కాదు. మా పేటలో ఫొటోలకు ఫ్రేములు కడతాడు, గుడిలో యూత్‌ని చూసుకుంటాడు. యాకోబు పత్రికలో "మీ పాపములను ఒకనితోనొకడు ఒప్పుకొనుడి" అనే మాట ఆ సాయంత్రం చదివారు. ఎన్నోసార్లు విన్నదే. 'ఒకనితోనొకడు' అన్నది ఆ రోజే చెవిన పడింది. గుంపుతో కాదు, ఒకడితో.

కొట్లో అన్న ఎవరిదో పెళ్లి ఫొటోకు అద్దం కోస్తున్నాడు. నేను చెప్పడం మొదలుపెట్టి ఆపాను, మళ్లీ మొదలుపెట్టాను. అన్న తలెత్తలేదు. అద్దం మీద గీత గీసి, బల్ల అంచుకు పెట్టి టక్కున విరిచాడు. నిజానికి ఆయన నా మొహంలోకి చూసి ఉంటే నేను లేచి వెళ్లిపోయేవాణ్ని. అయిపోయాక ఏదో వాక్యం చెబుతాడని ఎదురుచూశాను.

"ఎన్నింటికి?" అన్నాడు.

"అంటే?"

"రాత్రి ఎన్నింటికి మొదలవుద్ది? ఏ గదిలో? గడియ పెట్టుకుంటావా? ఆ ముందు గంటలో ఏం చేస్తుంటావు?"

డాక్టరు అడిగినట్టు అడిగాడు. చెబుతుంటే నాకే కొత్త సంగతులు తెలిశాయి. ఐదేళ్లుగా ప్రార్థన చేస్తున్నాను కానీ ఈ ప్రశ్నలు ఎప్పుడూ వేసుకోలేదు. ఇంట్లో అందరూ పడుకున్నాక, పదకొండున్నర దాటాక, మంచం మీద, లైటు తీసేశాక. అంతకు ముందు గంటలో దాదాపు ప్రతిసారీ ఆఫీసులో ఏదో మాట పడి ఉండేది. లేదా ఆదివారం మధ్యాహ్నం, కోడికూర తిని ఊరికే పడుకున్నప్పుడు. "రాజులు యుద్ధానికి పోయే కాలంలో దావీదు ఎక్కడున్నాడు?" అన్నాడు అన్న. యెరూషలేములో. ప్రొద్దుగూకే వేళ పడక మీద నుంచి లేచి మిద్దె మీద తిరుగుతున్నాడు. స్నానం చేస్తున్న పరాయి భార్య బత్షెబను చూసి పాపంలో పడ్డ కథ అక్కడే మొదలవుతుంది. నేను ఎప్పుడూ స్నానం దగ్గర నుంచే గుర్తుపెట్టుకున్నాను.

"ఇంకెవరికి తెలుసు?"

"దేవుడికి."

"ఆయనకు తెలియంది ఏముందిలే. రా, అయ్యగారి దగ్గరికి పోదాం."

రానన్నాను. అయ్యగారు నాకు బాప్తిస్మం ఇచ్చిన మనిషి. ఆయన ముందు ఎలా? అన్న కొట్టు షట్టరు దించేసి, స్కూటరు తీసి, ఎక్కమన్నాడు. ఆ రాత్రి అయ్యగారు నా చేత మొత్తం చెప్పించలేదు. "నువ్వు దాచింది దేవుని ముందు పెట్టావా?" అని మాత్రం అడిగారు. పెట్టానన్నాను. తల మీద చెయ్యి పెట్టి, నా పూర్తి పేరు పలికి, నీ పాపాలు క్షమించబడ్డాయి అన్నారు. అదే మాట ప్రతి ఆదివారం ఒప్పుకోలు తర్వాత అందరికీ కలిపి చెబుతారు, వేలసార్లు విన్నాను. నా ఒక్కడి పేరుతో వినడం అదే మొదలు. ఇంకా మానలేదు కదా, మానాక కదా క్షమాపణ అని లోపల ఒక వాదన లేచింది. ఆయనకు అది నా మొహంలోనే కనబడినట్టుంది. "మానేశాక వచ్చేది జీతంరా, క్షమాపణ కాదు" అన్నారు.

మర్నాటి నుంచి బోలెడు చిల్లర పనులు. నూట యాభై రూపాయలకు ఒక అలారం గడియారం కొన్నాను. 'పొద్దున లేవాలి' అనేదే ఫోన్ పక్కన పెట్టుకోవడానికి నాకున్న సాకు. ఫోన్ రాత్రి పదింటికి హాల్లో టీవీ పక్కన ఛార్జింగుకు పెట్టేవాణ్ని. ఫిల్టర్ వేసి, దాని పాస్‌వర్డ్ అన్న చేత పెట్టించాను. ఫోన్ వదిలే ముందు అన్నకు ఒక మెసేజ్: బాగుంటే 'వందనాలు', బాగోకపోతే 'ఫోన్ చెయ్యి అన్నా'. రోమా పత్రికలో "శరీరమువిషయమై ఆలోచన చేసికొనకుడి" అని ఉంది. ఆలోచన రాకూడదనే అర్థం అనుకునేవాణ్ని. ముందుగా ఏర్పాట్లు చేసిపెట్టుకోవద్దని అయ్యగారు విడమరిచి చెప్పారు. గడియ, చీకటి, పక్కన ఫోన్, అన్నీ నా ఏర్పాట్లే. యోసేపు కూడా యజమాని పోతీఫరు భార్య పట్టుకున్నప్పుడు నిలబడి ప్రార్థన చెయ్యలేదు. పైబట్ట వదిలేసి పరుగెత్తాడు.

దానితో ఆగిపోలేదు. ఆ ఏడాది ఎన్నిసార్లు పడ్డానో లెక్కపెట్టలేదు, యాప్ తీసేశాను కాబట్టి. తేడా ఎక్కడొచ్చిందంటే, పడిన మర్నాడు పొద్దున్నే అన్నకు చెప్పేసేవాణ్ని. ఇంతకుముందు ఒకసారి పడితే వారం పోయేది. ఇప్పుడు ఒక రాత్రే పోతోంది. కన్ఫర్మేషన్ క్లాసులో లూథర్ బాప్తిస్మం గురించి చెప్పింది బట్టీ పట్టించారు, మనలోని పాత ఆదాము, అంటే పాపపు స్వభావం, ప్రతిదినం మునిగి చావాలని. అందులో 'ప్రతిదినం' అన్నదాన్ని పద్నాలుగేళ్లప్పుడు ఎవరు పట్టించుకుంటారు?

అన్న ఇంకోటి చెప్పాడు. అది కాస్త వింతగా అనిపించింది. "ఆ బొమ్మలో ఉన్న అమ్మాయి కోసం ప్రార్థన చెయ్యి." ఎలా అంటే, "ఆమెకొక పేరుంటుంది కదా, అది దేవుడికి తెలుసు కదా, అక్కడ మొదలుపెట్టు." ఒక రాత్రి బుర్రలో తిరుగుతున్న మొహం కోసం నిజంగానే ప్రార్థించాను. ఈమెకు అమ్మ ఉందా, ఇవాళ తిన్నదా, ఇష్టపడే అక్కడికి వచ్చిందా. రెండు నిమిషాలకు ఆ మొహం మారిపోయింది. మా చెల్లి వయసు పిల్ల. ఇది ప్రతిసారీ పనిచేయలేదు, కానీ పనిచేసినప్పుడు మిగతా వాటన్నిటికంటే గట్టిగా పనిచేసింది. బస్సులో, ఆఫీసులో చూపు నిలిచిపోబోతున్నప్పుడు కూడా ఇప్పటికీ అదే చేస్తాను.

పెద్దవాళ్లు కొందరు 'పెళ్లయితే అదే పోతుంది' అంటారు. ఇది మాత్రం అబద్ధం. నాకు 2023లో పెళ్లయింది. మా ఆవిడది ఒంగోలు, బాప్టిస్టు కుటుంబం. పది ఆజ్ఞల్లో 'వ్యభిచరింపకూడదు' మా లెక్కలో ఆరో ఆజ్ఞ, వాళ్ల లెక్కలో ఏడోది. పెళ్లయిన కొత్తలో దీని మీద నవ్వుకున్నాం. పెళ్లికి ముందే చెప్పమని అన్న మొత్తుకున్నాడు. ఏడాదిగా బాగానే ఉన్నాను కదా అని దాటవేశాను. మూడో నెల ఆమె పుట్టింటికి వెళ్లింది. హైదరాబాదులో ఒక్కణ్నే. అంతే.

ఆమె తిరిగొచ్చిన రాత్రి చెప్పాను. అన్నం ముందు ఉంది, ఇద్దరం తినలేదు. "నాలో ఏం తక్కువని?" అంది. ఇది నీకంటే ముందు నుంచీ ఉన్న జబ్బు అన్నాను. నిజమే, కానీ ఆ మాటకు ఆమెకు ఓదార్పు దొరకలేదు. రెండు రోజులు అవసరానికి మించి మాట్లాడలేదు. మూడో రోజు నా ఫోన్ తీసుకుని, "నేను రోజూ చెక్ చెయ్యాలా?" అని అడిగింది. అన్నకు ఫోన్ చేస్తే ఆయన నన్ను తిట్టాడు: "భార్యను కాపలాదారును చెయ్యకు. పాస్‌వర్డ్ నా దగ్గరే ఉంటుంది. ఆమెకు నువ్వు అబద్ధం ఆడకు, అది చాలు." ఆమె తన ఫోన్ కూడా తెచ్చి నా ఫోన్ పక్కన ఛార్జింగుకు పెట్టింది. "నేను కూడా రీల్స్ చూస్తూ ఒంటిగంట చేస్తున్నాలే" అంది.

పోయిన నెల ఆఫీసులో అప్రైజల్ మాటలు జరిగాయి. మేనేజరు అందరి ముందు ఒక మాట అన్నాడు. ఒంటిగంటకు మెలకువ వచ్చింది. హాల్లోకి వెళ్లి ఫోన్ తీశాను. చేతిలో పట్టుకుని కాసేపు నిలబడ్డాను. 'ఫోన్ చెయ్యి అన్నా' అని పెట్టాను. ఒక్క టిక్కే పడింది. అన్న ఫోన్ ఆపేసి పడుకున్నాడు. చేశాను, కలవలేదు.

లోపలికెళ్లి మా ఆవిణ్ని లేపాను. ఆమె గడియారం వైపు చూసింది, నా మొహం చూసింది, జుట్టు ముడి వేసుకుంది. "టీ పెట్టనా?" అంది.

"నేను పెడతాలే" అన్నాను.

పాలు పొంగేదాకా ఇద్దరం వంటింట్లోనే నిలబడ్డాం. మేనేజరు ఏమన్నాడో మొదటి నుంచి చెప్పమంది.